ఫ్రెంచి వియ్యాలవారిని ఎలా పలకరించాలి?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఫ్రాన్సులో, లియోఁ నగరంలో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. నవంబరులో పురుడు. మూడు నెలల వీసా మీద నేనూ మావారూ వెళ్తున్నాం. దక్షిణాన మోఁపెల్యేలో ఉండే వియ్యాలవారు పెళ్ళికి రాలేకపోయారు, వాళ్ళని చూడటం ఇదే మొదటిసారి. ఎలా పలకరించాలి? బుగ్గలు ఆనించి ముద్దులు పెట్టుకుంటారట, మావారు ఇప్పట్నుంచే బెంగ పెట్టుకున్నారు. మా అమ్మాయి అత్తగారిని పేరు పెట్టి పిలుస్తుంటే వినడానికి నాకు ఎలాగో ఉంది. అక్కడివాళ్ళు ముభావంగా ఉంటారని, షాపుల్లో సరిగ్గా జవాబు కూడా చెప్పరని వెళ్ళొచ్చిన మా బంధువులు అంటున్నారు. నాకు ఫ్రెంచి బొత్తిగా రాదు. నలుగురిలో మాట పడకుండా ఉండాలంటే ఏం నేర్చుకోవాలి?

సమాధానం: వియ్యాలవారి కంటే ముందు మీ బంధువులు చెప్పిన షాపుల సంగతి చూద్దాం. అక్కడ ఏం బెడిసికొట్టిందో తెలిస్తే మిగతా మర్యాదలు చాలావరకు వాటంతటవే పట్టుబడతాయి.

మన దగ్గర కిరాణా కొట్టుకెళ్ళి "అరకిలో కందిపప్పు ఇవ్వండి" అని నేరుగా అడుగుతాం. ఆ "అండి"లోనే మర్యాదంతా ఉంది కాబట్టి కొట్టాయన ఏమీ అనుకోడు. ఫ్రాన్సులో అది చాలదు. అక్కడ ముందు మనిషిని పలకరించాలి, తర్వాతే పని చెప్పాలి. గడప దాటగానే, ఏ వస్తువూ ముట్టుకోకముందే, కౌంటరు వెనకున్న మనిషి కళ్ళలోకి చూసి "బోఁజూర్" (మన నమస్కారం లాంటి మాట) అనాలి. ఇంగ్లీషులో "ఎక్స్‌క్యూజ్ మీ, ఇది ఎంత?" అని ఎంత మెత్తగా అడిగినా, ఆ ఒక్క మాట లేకపోతే తమని మనిషిగా లెక్కచెయ్యలేదనే అనుకుంటారు. కొందరు అడిగినదానికి జవాబివ్వకుండా తామే "బోఁజూర్" అని కాస్త ఒత్తి పలికి, మీరు తిరిగి అనేదాకా ఆగుతారు. అది పొగరు కాదు, మీరు మర్చిపోయినదాన్ని గుర్తుచేస్తున్నారంతే. నీస్ నగరంలో ఒక కఫే 2013లో బయట ధరల పట్టీ పెట్టింది. "ఒక కాఫీ" అంటే 7 యూరోలు, "ఒక కాఫీ, దయచేసి" అంటే 4.25, "బోఁజూర్, ఒక కాఫీ, దయచేసి" అంటే 1.40. సరదాకి పెట్టినదే అయినా ఆ దేశపు వరస మొత్తం ఆ పట్టీలో ఉంది.

చిరునవ్వు నవ్వి తలూపితే సరిపోదా అంటే, సరిపోదు. మన దగ్గర ఆ నవ్వే పలకరింపు. అక్కడ మాట వినపడాలి. పైగా మనం తల అటూ ఇటూ ఊపడం చూసి అది అవునో కాదో వాళ్ళకి అర్థం కాదు. అవునంటే "వీ", కాదంటే "నోఁ" అని నోటితోనే చెప్పండి.

ఈ బోఁజూర్ ఎక్కడెక్కడ అనాలంటే, బేకరీలో, మందుల షాపులో, సంతలో కూరగాయల బల్ల దగ్గర, బస్సెక్కుతూ డ్రైవరుతో, లిఫ్టులో అప్పటికే ఎవరైనా ఉంటే వాళ్ళతో, అపార్ట్‌మెంటు మెట్ల మీద ఎదురైన పొరుగువాళ్ళతో. విమానాశ్రయంలో పాస్‌పోర్టు అందించేముందు ఆ అధికారితో కూడా. మీ అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, వేచి ఉండే గదిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చుని ఉంటారు. లోపలికి అడుగుపెడుతూ అందరికీ కలిపి మెల్లగా ఒకసారి అనాలి. వాళ్ళూ గొణిగినట్టు తిరిగి అంటారు, తర్వాత ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు. పెద్ద నగరంలో వీధిన పోయే ప్రతివాళ్ళకీ చెప్పక్కర్లేదు, చెబితే వింతగా చూస్తారు. పల్లెటూరి దారిలో, కొండదారిలో ఎదురైతే మాత్రం చెప్పుకుంటారు.

ఒట్టి బోఁజూర్ కంటే పక్కన "మదామ్" గానీ "మస్యో" గానీ చేరిస్తే నిండుగా ఉంటుంది. స్త్రీ అయితే "బోఁజూర్ మదామ్", పురుషుడైతే "బోఁజూర్ మస్యో". ఇంటిపేరు తెలియకపోయినా ఫరవాలేదు, పేరు లేకుండా అనడమే మామూలు. మనవాళ్ళు ఒక పొరపాటు తరచుగా చేస్తారు. "గారు"ని ఏ పేరుకైనా తగిలించే అలవాటుతో "మదామ్ సోఫీ", "మస్యో పియేర్" అని సొంత పేరుకి తగిలిస్తారు. అక్కడ మదామ్, మస్యో ఇంటిపేరుతో వెళ్తాయి, లేదా ఒంటరిగా నిలబడతాయి. సొంత పేరుతో పిలిచేటప్పుడు ముందు ఏమీ ఉండదు. పెళ్ళికాని అమ్మాయిల్ని "మద్మ్వజెల్" అనాలని పాత పుస్తకాల్లో ఉంటుంది. 2012 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సర్క్యులరుతో ఆ మాటని ప్రభుత్వ ఫారాల్లోంచి తీసేశారు. పెద్దయిన ఏ ఆడమనిషికైనా, ఇరవయ్యేళ్ళ షాపు అమ్మాయికైనా, మదామ్ అనండి. డాక్టరుగారికి మాత్రం "బోఁజూర్ దొక్తోర్" అనవచ్చు. పురుడు పోసే నర్సమ్మకి మదామ్ చాలు.

బేకరీలో మొత్తం వరస ఇలా సాగుతుంది.

"బోఁజూర్ మదామ్." ఆవిడ తిరిగి "బోఁజూర్" అనేదాకా ఆగండి. ఈ అరక్షణం ముఖ్యం, ఊపిరి తీసుకోకుండా కలిపేసి అడిగితే పలకరింపు మొక్కుబడి అయిపోతుంది.
"జ వూద్రే యూన్ బగెత్, సీల్ వూ ప్లే." (నాకొక బగెత్ రొట్టె కావాలండి, దయచేసి.)
రొట్టె చేతికివ్వగానే "మెర్సీ" (ధన్యవాదాలు).
ఆవిడ "బొన్ జూర్నే" అంటుంది, రోజు బాగా గడవాలని. దానికి "మెర్సీ, వూ జోసీ", మీకు కూడా.
బయటికొస్తూ "ఓర్వార్" (వెళ్ళొస్తాను).

కొనకుండా చూసి వచ్చేసినా వెళ్ళేటప్పుడు "మెర్సీ, ఓర్వార్" అనాలి. ఇంగ్లీషు వచ్చా అని అడగాలన్నా, దారి అడగాలన్నా ఒక వాక్యం కంఠస్థం చేసుకోండి: "బోఁజూర్, ఎక్స్‌క్యూజే మ్వా ద వూ దేరాఁజే." మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి అని. ఆ వెంటే "జ న పార్ల్ పా బ్యాఁ ఫ్రాఁసే", నాకు ఫ్రెంచి సరిగా రాదు. ఈ రెండూ తంటాలు పడుతూ పలికినా సరే, ఆ తర్వాత ఇంగ్లీషులోకి దిగితే చాలామంది తమకొచ్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని సాయం చేస్తారు. హోటల్లో వడ్డించే అతన్ని పిలవాలంటే చిటికెలు వెయ్యకండి, "గార్సోఁ" అని అరవకండి. ఆ మాట సినిమాల్లోనే మిగిలింది. కంటపడేలా చెయ్యి కొద్దిగా ఎత్తి "మస్యో, సీల్ వూ ప్లే" అంటే వస్తాడు.

నోరు తిరిగే పద్ధతి

తెలుగువాళ్ళకి ఫ్రెంచి పలకడంలో రెండు అదృష్టాలున్నాయి, ఇంగ్లీషు బడి అలవాటు వాటిని చెడగొడుతుంది. ఫ్రెంచిలో ఉన్నవి మన త, ద లే. "మదామ్"లో ద ని మన ద లాగే, నాలుక పళ్ళకి తగిలించి పలకండి, "మడామ్" అనకండి. "ఆఁషాఁతే" (కలవడం సంతోషం) అనే మాటలో త కూడా అంతే. రెండోది, ఫ్రెంచి ప, త, క ల్లో ఇంగ్లీషులోలాగా గాలి ఊదడం ఉండదు, అచ్చం మన హల్లుల్లాగే ఉంటాయి.

ఇక ముక్కుతో పలికే అచ్చులు. బోఁజూర్‌లో "న్" అనే హల్లు వినపడకూడదు, నాలుక అంగిలికి తగలకూడదు. పాత పుస్తకాల్లో అరసున్న చూసి ఉంటారు కదా, ఓకారాన్ని ముక్కులోంచి వదిలి ఆగిపోవాలి. అందుకే ఇక్కడంతా అరసున్నతోనే రాశాను. "బోన్‌జూర్" అని న్ పలికితే వాళ్ళకి అర్థమవుతుంది, తప్పేం లేదు. చివర ఉకారం చేర్చి "బోన్‌జూరు" అంటే మాత్రం మాట తేడాగా వినిపిస్తుంది. ఏ మాటకైనా చివర అచ్చు చేర్చడం మన నోటికి అలవాటు. ర్ దగ్గర కోసేయండి.

ఆ జ మన జ కాదు. మనం జ అన్నప్పుడు నాలుక అంగిలిని తాకుతుంది, ఇక్కడ తాకదు. "శ్‌శ్‌శ్" అని సాగదీస్తూ, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, గొంతు వణికేలా ధ్వని కలపండి. వచ్చేది ఆ జ. "వూ జోసీ"లో జ వేరు, అది "స్‌స్‌స్"కి గొంతు కలిపితే వస్తుంది. "సాల్యు" (ఎరిగినవాళ్ళ మధ్య పలకరింపు), "త్యు" (నువ్వు) అనే మాటల్లో చివరి అచ్చు మన భాషలో లేదు. పెదాలు ఊ అంటున్నట్టు గుండ్రంగా ముందుకి పెట్టి, లోపల నాలుకతో ఈ అనండి. పెదాలు కదపకూడదు. ర విషయంలో కష్టపడకండి. వాళ్ళు గొంతులోంచి గరగరమని పలుకుతారు, మీరు మన ర ని తేలిగ్గా పలికినా ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు.

పొద్దు ఎంతయింది?

పొద్దున లేచినప్పట్నుంచి సాయంత్రం దాకా బోఁజూర్ ఒక్కటే. ఇంగ్లీషు గుడ్ మార్నింగ్‌ని తర్జుమా చేసి "బోఁ మాతాఁ" అనకండి. కెనడాలోని క్యుబెక్‌లో అది వాడుకలో ఉంది, ఫ్రాన్సులో అనరు. సాయంత్రం సుమారు ఆరు దాటాక "బోఁస్వార్". చలికాలం ఐదింటికే చీకటి పడుతుంది కాబట్టి కొందరు అప్పుడే మొదలుపెడతారు. ఎదుటివాళ్ళు ఏది అంటే అదే తిరిగి అనండి. రాత్రి వియ్యాలవారింటి నుంచి బయల్దేరేటప్పుడు "బొన్ న్వీ" అనడం మనవాళ్ళు తరచు చేసే తప్పు. అది పడుకోబోయే మనిషికే చెబుతారు. ఇంటికి బయల్దేరేవాళ్ళు "బొన్ స్వారే" అంటారు. మళ్ళీ త్వరలో కలుద్దామంటే "ఆ బ్యాఁతో". "అద్యో" అనేది మామూలు సెలవు కాదు, ఇక కలవం అన్నట్టు ధ్వనిస్తుంది. దక్షిణాన కొన్ని ఊళ్ళలో పెద్దవాళ్ళు దాన్నే మామూలుగా వాడతారు, మీరు మాత్రం వాడకండి.

ఒకే మనిషికి ఒకే రోజు రెండోసారి బోఁజూర్ చెప్పకూడదు. పొద్దున మెట్ల మీద పలకరించిన పొరుగావిడకి మధ్యాహ్నం మళ్ళీ అలాగే చెబితే, పొద్దున కలిసిన సంగతే మర్చిపోయారని ఆవిడ నొచ్చుకుంటుంది. నవ్వితే చాలు, లేదా "రబోఁజూర్" (మళ్ళీ బోఁజూర్) అనవచ్చు.

సాల్యు, కుకూ మనకెందుకు అనుకోకండి. మీ అల్లుడు, అతని స్నేహితులు వాడేవి అవే. "సాల్యు" అంటే వచ్చేటప్పుడూ అదే, వెళ్ళేటప్పుడూ అదే, బాగా ఎరిగినవాళ్ళ మధ్య. "కుకూ" ఇంకా ముద్దుగా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు, పిల్లలు, దగ్గర స్నేహితురాళ్ళు. మీ అమ్మాయి స్నేహితులు ఇంటికొచ్చి మీకు "సాల్యు" అంటే మీరూ సాల్యు అనవచ్చు. బేకరీ ఆవిడకి, డాక్టరుకి, తొలి పరిచయంలో వియ్యాలవారికి వద్దు.

త్యు, వూ

త్యు అంటే నువ్వు, వూ అంటే మీరు. ఇది మనకి పుట్టుకతో వచ్చిన విద్యే అనిపిస్తుంది, కానీ గీత గీసే చోటు వేరు. మనం వయసు చూస్తాం, వరస చూస్తాం. అమ్మని నువ్వు అంటాం, బావగారిని మీరు అంటాం, కూరగాయలమ్మే కుర్రాణ్ణి ఆలోచించకుండా నువ్వు అనేస్తాం. ఫ్రెంచివాళ్ళు చూసేది దూరం. పరిచయం లేని పెద్దవాళ్ళు ఎవరైనా, చెత్త ఎత్తే అతనైనా, గల్లాపెట్టె దగ్గర ఇరవయ్యేళ్ళ అమ్మాయైనా, వూ. అక్కడ త్యు అంటే తక్కువ చేసినట్టే. చిన్నపిల్లలకి మాత్రం ఎవరైనా త్యు అనవచ్చు. ఇంకో తేడా ఏమిటంటే, మన దగ్గర పెద్దవాళ్ళు నువ్వు అంటే చిన్నవాళ్ళు మీరు అనడం సహజం. అక్కడ పెద్దయినవాళ్ళ మధ్య సాధారణంగా ఇద్దరూ వూ అనుకుంటారు, లేదా ఇద్దరూ త్యు అనుకుంటారు.

అందుకని వియ్యపురాలితో మొదట వూ. "కొమాఁ తాలే వూ?" ఎలా ఉన్నారు అని. జవాబు "త్రే బ్యాఁ మెర్సీ, ఎ వూ?", చాలా బాగున్నాను, మీరు? కాసేపటికో, రెండో రోజుకో ఆవిడ "ఓఁ పో స త్యుత్వాయే" అంటుంది, ఇక నువ్వు అనుకుందామని. ఇది చొరవ కాదు, దగ్గరకి రమ్మని తలుపు తియ్యడం. "వీ, ఆవెక్ ప్లేజీర్" (సంతోషంగా) అనండి. ఆ తర్వాత కూడా మర్యాద కొద్దీ వూ అంటూ పోతే దూరం పెడుతున్నారనుకుంటుంది. నోరు జారి వూ వచ్చేస్తే కంగారు పడకండి, కొన్నాళ్ళు అందరికీ జారుతుంది. ఈ మాట ప్రతిపాదించేది సాధారణంగా పెద్దవాళ్ళు. మీరిద్దరూ సమ ఉజ్జీలు కాబట్టి ముందు మీరన్నా తప్పులేదు.

మీ అమ్మాయి అత్తగారిని పేరు పెట్టి పిలవడం గురించి. అక్కడ అత్త, మామ అనే మాటలు బంధుత్వం చెప్పడానికే గానీ పిలవడానికి మామూలుగా వాడరు. మన వదినగారూ, బావగారూ లాంటి పిలుపులే లేవు. కోడలు అత్తగారిని "మదామ్" అంటే పరాయిదానిలా ఉంటుంది. మిగిలింది పేరు. మీ అమ్మాయి చేస్తున్నది ఆ ఇంటి పద్ధతి, ఆ అత్తగారే అలా పిలవమని ఉంటారు. మీరూ పేరు పెట్టే పిలవాల్సి వస్తుంది, ఇది ముందే మనసులో అనుకుని వెళ్ళండి. మొదటి రోజే త్యు అనడానికి నోరు రాకపోతే మధ్యే మార్గం ఉంది. పేరు పెట్టి పిలుస్తూ వూ అనవచ్చు, ఫ్రెంచి కుటుంబాల్లోనూ అలా మాట్లాడుకునే అత్తాకోడళ్ళు ఉన్నారు. అల్లుడు మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తే, అందులో అగౌరవం ఇసుమంత కూడా లేదు. తెలుగు పద్ధతే కావాలనుకుంటే అత్తయ్యగారూ, మామయ్యగారూ అని నేర్పండి. చాలామంది అల్లుళ్ళు ఇష్టంగా నేర్చుకుంటారు.

ముద్దుల సంగతి

దాన్ని "లా బీజ్" అంటారు. నిజానికి ముద్దు కాదు. చెంపకి చెంప ఆనీ ఆనకుండా ఆనించి, పెదాలతో గాల్లోనే చిన్న చప్పుడు చేసి, రెండో వైపు కూడా అలాగే. పెదాలు చర్మానికి తగలవు. చేతులు పక్కనే ఉంటాయి, లేదా ఎదుటివాళ్ళ భుజం మీద తేలిగ్గా ఆనుతాయి. గట్టిగా వాటేసుకోకూడదు. మనకి కౌగిలింత తేలిక, చెంప ఆనించడం కష్టం, వాళ్ళలో చాలామందికి అది తిరగబడి ఉంటుంది.

ఎన్ని అనేది ఊరిని బట్టి మారుతుంది. లియోఁలో, పారిస్‌లో రెండు. మీ వియ్యాలవారి మోఁపెల్యే వైపు మూడు మామూలు. నాంత్ వైపు నాలుగు పెట్టేవాళ్ళున్నారు, బ్రెస్త్ వైపు ఒకటితో సరి. ఏ చెంప ముందన్నది కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది, ఆగ్నేయాన చాలాచోట్ల ఎడమ చెంపతో మొదలవుతుంది. తలలు ఢీకొనకుండా ఉండాలంటే మీరు ముందు కదలకండి. ఒక్క క్షణం ఆగి, ఆవిడ ఎటు వంగితే మీరు దానికి ఎదురు వైపు వంగండి. రెండు అయ్యాక మీరు వెనక్కి జరిగిపోతే ఆవిడ మూడోదానికి గాల్లో మిగిలిపోతుంది, అది అక్కడ రోజూ జరిగే చిన్న తత్తరపాటే. "త్రువా?" (మూడా?) అని నవ్వుతూ అడగండి. ఇద్దరికీ కళ్ళజోళ్ళుంటే మీది తీసి చేత్తో పట్టుకోండి.

మీవారి బెంగ తీరే ఉపాయం. దక్షిణాన కుటుంబంలో మగవాళ్ళు కూడా ఒకరికొకరు బీజ్ పెట్టుకుంటారు, కాబట్టి వియ్యంకుడుగారే వంగే అవకాశం ఉంది. ఇష్టం లేకపోతే, ఆయన దగ్గరికి రాకముందే, రెండడుగుల దూరంలో ఉండగానే మీవారు కుడిచెయ్యి చాచాలి. చాచిన చెయ్యి చూస్తే ఎవరైనా అందుకుంటారు. చేరువయ్యాక చెయ్యి చాపితే ఆయన పొట్టలో తగులుతుంది. కరచాలనం ఒకసారి గట్టిగా పట్టి, ఒక్క ఊపు ఊపి వదిలెయ్యాలి. రెండు చేతులతో పట్టుకుని వదలకుండా మాట్లాడటం వద్దు. కళ్ళలోకి చూడాలి. పెద్దవాళ్ళ ముందు కళ్ళు దించుకోవడం మనకి వినయం, వాళ్ళకి తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది.

చెయ్యి కూడా వద్దు, నమస్కారమే బాగుంటుందంటే అదీ చక్కగా చెల్లుతుంది. 2020లో కరోనా మొదలైనప్పుడు బీజ్, కరచాలనం మానమని ఫ్రాన్సు ప్రభుత్వమే చెప్పింది, అప్పట్నుంచి బీజ్ ఇష్టంలేనివాళ్ళు మొహమాటం లేకుండా వద్దంటున్నారు. చేతులు జోడించి, "బోఁజూర్" అని పైకి అని, "షే నూ, ఓఁ సాల్యు కొమ్ సా" అనండి, మా దగ్గర ఇలా పలకరిస్తాం అని. మాట లేకుండా ఒట్టి నమస్కారం పెట్టి ఊరుకోకండి. జలుబు చేసి ఉంటే "జ స్వీ ఆఁర్యుమే" (నాకు జలుబు) అన్న మాట అందరూ ఒప్పుకునే సాకు, నిజానికి అప్పుడు బీజ్ పెట్టకపోవడమే మర్యాద. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇది మరీ పట్టించుకోవాలి. చలికాలంలో అక్కడ నెలల పిల్లలకి బ్రోఁక్యోలిత్ అనే ఊపిరితిత్తుల జబ్బు ప్రబలుతుంది. చేతులు కడుక్కుని ఎత్తుకోమని, మొహం మీద ముద్దులు పెట్టొద్దని అక్కడి వైద్యులు చెబుతారు. మనవణ్ణో మనవరాలినో చూడగానే మీకు ఆగదు, అయినా ఆగండి.

పరిచయం చేసుకునేటప్పుడు పేరు చెప్పి "ఆఁషాఁతే" అంటారు, కలవడం సంతోషమని. ఆడవాళ్ళు రాసేటప్పుడు చివర ఒక అక్షరం అదనంగా ఉంటుంది, పలకడంలో తేడా లేదు. ఇంట్లో పదిమంది ఉంటే గుమ్మంలో నిలబడి అందరికీ కలిపి ఒక నమస్కారం పడేస్తే వెలితిగా ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాలి, పిల్లల దగ్గరికి కూడా. సెలవు తీసుకునేటప్పుడూ అంతే, అందుకని బయల్దేరడానికి పావుగంట ముందే లేవండి. కూర్చున్న మనిషి పలకరింపుకి లేచి నిలబడటం పద్ధతి.

"సా వా?" అని అడిగితే అది కుశలప్రశ్నే, ఆరోగ్య నివేదిక అక్కర్లేదు. "సా వా, ఎ త్వా?" (బాగానే ఉన్నా, నువ్వు?) అని తిప్పెయ్యండి, వూ అనుకునేవాళ్ళతో "ఎ వూ?". మోకాళ్ళ నొప్పుల సంగతి తర్వాత భోజనం దగ్గర చెప్పుకోవచ్చు. "ఐ యామ్ ఫైన్"ని మాటకి మాట తర్జుమా చేసి "జ స్వీ బ్యాఁ" అనకండి, "జ వే బ్యాఁ" అనాలి. షాపులో ముక్కూమొహం తెలియనివాళ్ళని ఎలా ఉన్నారని అడగడం అక్కడ అలవాటు లేదు.

వడ్డించేటప్పుడు ఒక్క మాటలో జాగ్రత్త. ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగినప్పుడు ఒట్టి "మెర్సీ" అంటే వద్దని అర్థం చేసుకుని గిన్నె తీసుకెళ్ళిపోతారు. కావాలంటే "వీ, ఆవెక్ ప్లేజీర్", వద్దంటే "నోఁ, మెర్సీ". మనలాగా మూడుసార్లు బలవంతం చెయ్యరు, ఒకసారి వద్దంటే అంతే. ఆకలితో లేవకండి.

మోఁపెల్యే వెళ్ళేటప్పుడు పూలు తీసుకెళ్ళాలనుకుంటే, చామంతులు మాత్రం వద్దు. మనకి అంత శుభప్రదమైన పువ్వు అక్కడ నవంబరు 1న సమాధుల మీద పెట్టేది. ఆ వారమంతా దుకాణాల నిండా అవే కనిపిస్తాయి, చూసి ముచ్చటపడి కొనేస్తారేమోనని చెబుతున్నాను. చెప్పిన సమయానికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళండి, ముందు వెళ్ళకండి.

పలకరింపులయ్యాక మౌనం వస్తుంది, అప్పటికి ఒక మాట దాచుకోండి. మీ ఊరికి దగ్గర్లోని యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. భారతదేశంలో తమకున్న ఐదు స్థావరాల పేర్లు, పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహె, చంద్రనగర్, అక్కడి పాతతరం వాళ్ళు బళ్ళో వల్లె వేశారు. వాళ్ళకి తెలిసిన పేరు "యనాఓఁ". "నూ జాబితోఁ ప్రే ద యనాఓఁ" (మేం యానాం దగ్గర ఉంటాం) అంటే వియ్యంకుడుగారి వయసువాళ్ళలో ఎవరో ఒకరు ఆ ఐదు పేర్లూ వరసగా అప్పజెప్పవచ్చు.

బయల్దేరేముందు ఒక చిన్న మెసేజ్ పంపండి. మీ అమ్మాయి చేత ఫ్రెంచిలో టైపు చేయించుకోండి, కానీ మాటలు మీవే ఉండాలి. పైన "బోఁజూర్" తర్వాత వాళ్ళిద్దరి పేర్లు, "నవంబరులో మీ ఇద్దర్నీ కలుసుకుంటున్నందుకు మాకు చాలా సంతోషంగా ఉంది" అని ఒక వాక్యం, కింద "ఆ బ్యాఁతో", దాని కింద మీ ఇద్దరి పేర్లు. ఆఫీసు ఉత్తరాల్లో చివర పెట్టే "కోర్ద్యాల్మాఁ" ఇక్కడ బిగుసుకుపోయినట్టుంటుంది. స్నేహితులు చివర్లో రాసే "బీజ్" ఇంకా తొందర. వాళ్ళు జవాబులో ముందుగా అది రాస్తే మీ రెండో మెసేజ్ నుంచి మీరూ రాయవచ్చు.